గోడల్లేని ఇంట్లో పాలు పొంగిన రోజు

కొత్తగా ఇండ్ల పనిలోకి దిగిన పిల్లోల్లు అప్పుడప్పుడు నా కాడికొచ్చి కూచుంటారు. "మామా, ఇంటీరియర్ డిజైనరును ఎప్పుడు పిలిపించాల? స్లాబు ఏసినాకనా, పూతలు అయినాకనా?" అని అడుగుతారు. నాకు ముందు నవ్వొస్తాది. నవ్వినాక ఒగ పెద్దమ్మ మతికొస్తాది. ఆయమ్మ మతికొస్తే మళ్లా నవ్వొస్తాది. అందుకే జవాబు చెప్పేదానికి నాకు రొంత టైము పడతాది. ఓపికుంటే ఇనండి, లేకుంటే మీ సెల్లుఫోన్లు చూసుకోండి, నాకేం నష్టం లేదు.

నాది జమ్మలమడుగు. మేస్త్రీగా మొదలుపెట్టి, కంట్రాక్టరు అనిపించుకొని, మోకాళ్లు మొండికేసినాక ఇంటికాడ కూచున్నా. నేను కట్టిన ఇండ్లు జమ్మలమడుగులో ఉండాయి, ప్రొద్దుటూరులో ఉండాయి, పులివెందులలో ఉండాయి. పెద్దముడియం పక్క పల్లెల్లో గూడా ఉండాయి. అన్నీ ఒగ తల్లి పిల్లోల్ల మాదిరుంటాయి. ఎందుకంటే నా కాడ ఉండింది ఒగే ప్లాను. ముందర వసారా, దాని యెనక హాలు, హాలుకు అటొకటి ఇటొకటి రూములు, అన్నిటికీ యెనకాల వంటిల్లు. స్థలం పెద్దదైతే సాగదీస్తాంటి, చిన్నదైతే ఇరికిస్తాంటి. నేను కట్టిన ఏ ఇంట్లోకైనా కండ్లు మూసుకొని పోయి బాత్రూము లైటు ఏస్తా. ఒగసారి పులివెందులలో పెండ్లికి పోయిన ఒగాయన, విడిది ఇల్లనుకొని దాని పక్కింట్లోకి పోయి, నేరుగా రూములోకి నడిచి మంచమ్మీద పండుకొని, కాఫీ గూడా అడిగినాడంట. రెండిండ్లూ నేను కట్టినవే. వాళ్లు పాపం కాఫీ ఇచ్చినారంట. అది నా పనితనానికి వచ్చిన సర్టిఫికెట్టే అనుకున్నా నేను.

ఇట్లుండంగా ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉండే ఒగాయన, ఊరి బయట స్థలం తీసుకొని నన్ను పిలిపించినాడు. అప్పటిదాకా వాళ్ల కాపురం బజారులో, అంగడి యెనకాల ఇంట్లోనే. సన్నగా, పొడుగ్గా రైలుపెట్టె మాదిరి ఇల్లు. అన్నిటికన్నా లోపల వంటిల్లు. దానికి కిటికీ లేదు. పగలు గూడా లైటు ఏసుకోవాల్సిందే. అంగడాయన భార్య, పెండ్లయి ఆ ఇంట్లో కాలు పెట్టిన కాడ్నుంచి ఆ లైటు కిందనే వండతాండాది. "బయట వాన పడతాండాదా లేదా అనేది, అన్నానికొచ్చిన ఆయన చొక్కా చూసి తెలుసుకుంటా మేస్త్రీ," అని నాతో నవ్వతా చెప్పినాది. నవ్వతానే చెప్పినాది గానీ, నాకు నవ్వు రాలా.

ఆయమ్మకు కొత్తింట్లో కావాల్సింది ఒగటే. వంటిల్లు ముందరికి రావాల, దానికి రోడ్డు పక్కన కిటికీ ఉండాల. "కూర తిప్పతా తిప్పతా, ఎవురు పోతాండారో చూడాల. అంతే," అనె. పాలరాయి అడగలా, అద్దాల బీరువాలు అడగలా. ఒగ కిటికీ అడిగింది.

దాంతోపాటు ఇంగో మాట అనె. "పునాది తియ్యకముందే డిజైనరును పిలిపించాల." ఆ మాటకు నాకు తిక్క లేసింది. కారణం ఏందని అడిగితే, కారణం నేనే అంట.

పులివెందులలో ఆయమ్మ చెల్లెలి ఇల్లు కట్టింది నేనే. గోడలు, పూతలు, కరెంటు పని అంతా అయినాక వాళ్లు డిజైనరును పిలిచినారు. చూస్తే, పడకరూములో బీరువా పట్టే గోడ ఒగటే ఉండాది, స్విచ్చిబోర్డు గూడా ఆ గోడకే ఉండాది. ఇంగేం చేస్తారు, బీరువా యెనక రేకుకు బొక్క కొట్టినారు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఫ్యాను ఏసుకోవాలంటే బీరువా తెరిచి, పట్టుచీరల సందులో చెయ్యి పెట్టి తడుముకోవాల. ఒగసారి బీరువా తాళంచెవి కనపడకుండా పోతే, అది దొరికిందాకా చలికాలంలో గూడా ఫ్యాను తిరగతానే ఉండిందంట, ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకోని తిరిగినారంట. అన్నినాళ్లు ఆగకుండా తిరిగిందంటే నా వైరింగు బాగుండాదనే గదా అర్థం? ఆ మాట మాత్రం ఎవురూ అనలా.

సరే, డిజైనరు వచ్చె. కడప నుంచి స్కూటీ మీద వచ్చిన ఒగ పాప. చేతిలో టేపు, భుజానికి సంచి. స్థలంలో ఏముండాది? కంపచెట్లు కొట్టేసి చదును చేసిన నేల, రోడ్డు పక్క మూలన నేను దించిపెట్టిన ఇటికల దొంతి, అంతే.

"గోడే లేదు గదమ్మా, రంగులు యాడ ఏస్తావు, గాలికా?" అన్నా.

"రంగుల సంగతి కాదు సార్. వీళ్లు పొద్దున లేసి ఏం చేస్తారో కనుక్కుందామని వచ్చినా," అనె.

ఆ పాప అడిగిన ప్రశ్నలు నేను జన్మలో ఇనలా. అంగడాయన్ను పట్టుకొని, "మీకు ఇంట్లో కోపమొస్తే యాడికి పోతారు సార్?" అనె. ఆయన భార్య పక్క చూసి, తల్లి పక్క చూసి, "ఏముండాది, రెండడుగులేస్తే అంగడి. అంగట్లోకి పోతా," అనె. "ఇప్పుడు అంగడి దూరమైతాది గదా. ఇంగ యాడికి పోతారు?" అనె ఆ పాప. ఆయన దాన్ని గురించి ఆలోచించినట్టే లేదు. మొహం పాలిపోయె. ఆ పూటంతా స్థలం నాలుగు మూలలా తిరిగి చూసుకున్నాడు పాపం.

తర్వాత టేపు తీసుకొని ఆయన తల్లిని కొలిచేదానికి పోయె. నేను చెప్పిన పెద్దమ్మ ఈమెనే. సన్నంగా ఉంటాది, గొంతు మాత్రం లారీ హారన్. కోడలికీ ఆమెకూ పొద్దస్తమానం ఏదో ఒగ దానికి గొడవ. పాప ఆమె మోచేతి ఎత్తు కొలస్తాంటే, "ఏందే, నన్ను కొలుస్తాండావు? పాడె కట్టేదానికా?" అనె.

"కాదవ్వా, వంటగట్టు కట్టేదానికి."

"వంట నేను చెయ్యను, నా కోడలు చేస్తాది."

"అయితే కుర్చీలో కూచో, కూచుంటే ఎంత ఎత్తుంటావో చూస్తా."

పెద్దమ్మ కుర్చీలో కూచుంది. పాప వంగి టేపు పట్టింది. అప్పుడు పెద్దమ్మ ఆ పాప చెవి కాడ నోరు పెట్టి ఏందో చెప్పె. ఇద్దరూ పకపకా నగినారు. నా గురించే అనుకొని నేను మీసం తుడుచుకొని పక్కకు పోయినా.

ఇప్పుడు అసలు సమస్య ఇనండి. స్థలానికి రోడ్డు ఉత్తరం పక్క. పాప గీసిన ప్లానులో వంటిల్లు వాయవ్యం మూల, అంటే ముందర, రోడ్డు మీదికి. కోడలమ్మ మొహం ఎలిగిపోయె. కానీ పెద్దమ్మకు ఒగ తమ్ముడుండాడు, పులివెందుల ఆయన. ఆ ఇంట్లో ఏ పనికైనా ఆయన మాటే మాట. బస్సు కండక్టరుగా చేసి రిటైరై, ఆ తర్వాత వాస్తు నేర్చుకున్నాడు. "వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాల," అనె. ఆగ్నేయం అంటే ఆ స్థలంలో యెనకమూల. ఆడ కిటికీ పెడితే కనపడేది పక్కింటోల్ల బాత్రూము గోడ. ఎవురేం చెప్పినా ఆయన, "యెనక్కి జరపండి, యెనక్కి జరపండి, యెనకాల శానా ఖాళీ ఉండాది," అనేటోడు. ఉద్యోగం పోయినా అలవాటు పోలా.

పెద్దమ్మ గూడా తమ్ముని పక్కే. "వంటిల్లు రోడ్డు మీద పెడితే పోయే ప్రతోడూ మనింట్లో ఏం కూరో చెప్తాడు. దిష్టి తగలదా? ఒద్దంటే ఒద్దు!" అని కోడలి మీద కేకలేస్తాండె. నాకు గూడా యెనకాలే బాగు. నా ప్లానులో వంటిల్లు ఎప్పుడైనా యెనకాలే గదా.

అప్పుడు డిజైను పాప ఒగ పని చేసె. పునాది తవ్వేముందు నేను నేల మీద ముగ్గు పోస్తాను, గోడలు యాడొస్తాయో తెలిసేదానికి. మామూలుగా గోడల గీతలు, అంతే. ఈ పాప ఏమో తలుపులు, మంచాలు, సోఫా, ఫ్రిజ్జు, పొయ్యిగట్టు, కడాకు చెప్పుల స్టాండు గూడా ముగ్గుతో పోయించినాది. పోయించి, "రోజూ సాయంత్రం అందరూ ఈడికొచ్చి రొంతసేపు ఈ ఇంట్లో ఉండండి. తవ్వేలోపల ఏం బాగుందో ఏం బాగలేదో మీకే తెలుస్తాది," అని చెప్పి స్కూటీ ఎక్కి పాయె.

నేను నవ్వులాట అనుకున్నా. వాళ్లు నిజంగానే వచ్చినారు. ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకొని, సోఫా గీతల్లో చాప ఏసుకొని కూచుండేటోళ్లు. చూసేదానికొచ్చిన చుట్టాలు చెప్పులు గడపగీత బయట ఇడిచి లోపలికొస్తాండ్రి. చుట్టుపక్కలంతా మట్టే, లోపల గూడా మట్టే, చెప్పులు మాత్రం బయట. ఒగామె వచ్చి సోఫా ఇరుకుగా ఉండాదని వంక గూడా పెట్టిపోయె.

అందరికన్నా గట్టిగా పట్టుకున్నది పెద్దమ్మ. గీత తొక్కినోళ్లను ఊరకే ఇడిచిపెట్టదు. నేను ఇసక చూసేదానికి అడ్డంగా నడిచి పోతే, "ఏమప్పా మేస్త్రీ! గోడలో నుంచి వస్తాండావు! తలుపు అటుపక్క!" అని అరిచె. నా కూలోల్లు గమేళాలు నెత్తిన పెట్టుకొని, చుట్టూ తిరిగి, తలుపులో నుంచి వచ్చి, హాలు దాటుకొని పోతాండ్రి. ఒగరోజు గొర్రెల మంద నేరుగా పడకరూములోకి వచ్చె. పెద్దమ్మ లేసి, కాపరిని తిట్టి, మందనంతా హాలు మీదుగా యెనక తలుపులో నుంచి బయటికి తోలించినాది. గొర్రెలు గూడా మారుమాట్లాడకుండా పోయినాయి. ఒగ కుక్క మాత్రం దేవుని గదిలోనే పండుకునేది. దానికి ఎవురు చెప్పినా ఇనలా.

ఒగ మాట ఒప్పుకోవాల. అంగడాయన ఒగ సాయంత్రం బాత్రూము తలుపు తెరిచినట్టు చెయ్యి ఆడించి, "ఇది మంచానికి తగలతాండాది గదప్పా!" అనె. నిజమే, తగలతాండె, ఆ తలుపు ఆడనే ఉండాలని పట్టుబట్టింది నేనే. ఆ పొద్దు చూసిపోదామని వచ్చిన డిజైను పాప నా పక్క చూసె. నేను ఆకాశం పక్క చూసినా. తలుపును ఇటుపక్కకు మార్చినాము. మార్చడమంటే ఏముండాది, కాలితో చెరిపి మళ్లా ముగ్గు పోయడమే. పులివెందుల బీరువా అప్పుడు మతికొచ్చింది.

ఇంగ వంటింటి కథ. కండక్టరు మామ రెండ్రోజులకోసారి పులివెందుల నుంచి బస్సెక్కి వచ్చి, ముందరుండే వంటింటిని కాలితో చెరిపి, యెనకమూల మళ్లా పోయించి పోయేటోడు. పొద్దున్నే కోడలమ్మ వచ్చి, యెనకాలది చెరిపి, ముందర పోసుకునేది. ఇంటి ముందర రోజూ ముగ్గేసే చెయ్యి గదా, ఆయమ్మ పోసిన గీత నా దారం కన్నా నేరుగా ఉండేది. పోసినాక కిటికీ కాడ నిలబడి, లేని కూర తిప్పతా, రోడ్డు పక్క చూసేది. పోయే ఆటోలోల్లు ఈయమ్మకేమైందని చూస్తాండ్రి. ఆయమ్మ వాళ్లను చూసి సంతోషపడతాండె. నాకు ఒగ పక్క నవ్వు, ఒగ పక్క భయం. ఎందుకంటే ముగ్గును ఎన్నిసార్లయినా జరపొచ్చు, తవ్వినాక జరపలేము.

తవ్వే రోజు వచ్చె. ముహూర్తం పెట్టింది కండక్టరు మామే. షామియానా ఏసినారు. మట్టి తవ్వే బండిని రప్పించినా. ఈశాన్యంలో భూమిపూజ జరిగె. పూజ అయినాక అంగడాయన గొంతు సవరించుకొని, భార్య పక్క చూడకుండా, "మామ చెప్పినట్టే కానీ. వంటిల్లు యెనకాలే," అనె.

డిజైను పాప ఊరుకోలా. "వాయవ్యం గూడా శాస్త్రంలో ఉండాది గదా సార్," అనె.

"ఉండాదమ్మా, ల్యాకేం. అది రెండో పక్షం. లోపల సీట్లు ఖాళీగా ఉంటే ఫుట్‌బోర్డు మీద ఎవురన్నా నిలబడతారా?" అనె మామ. అని, ముందరుండే వంటింటిని ఆఖరుసారి కాలితో చెరిపేసినాడు.

కోడలమ్మ అరవలా, ఏడవలా. చేతిలో ముగ్గు డబ్బా ఉంటే దాన్ని మూతపెట్టి కింద పెట్టింది. పెట్టి, ఆ ఇటికల దొంతి నీడన కూచుండె. అంతే. నా ప్లాను గెలిచింది, వంటిల్లు యెనక్కి పోయింది, నేను సంతోషపడాల గదా? పడలా. నాకు గూడా ఇంట్లో ఒగ ఆడమనిషి ఉండాది, ఆమె వంటిల్లు గూడా యెనకాలే, కట్టింది నేనే.

అప్పుడు పెద్దమ్మ ఉన్నట్టుండి తల పట్టుకొని, "నాకు తలకాయ నొస్తాండాది. టీ కావాల," అనె.

"ఇప్పుడా అమ్మా?" అనె కొడుకు.

"తలనొప్పి ముహూర్తం చూసుకోని వస్తాదా? ఒసేయ్, టీ పెట్టు," అని కోడలిని అదిలించె. "యాడికీ పోవాకు. ఈడనే ఇటికల చాటున పెట్టు, గాలి తగలదు."

కోడలు లేసింది. మూడు ఇటికలు పెట్టింది, కంపపుల్లలు పేర్చింది. పూజకు తెచ్చిన కొత్త ఇత్తడి గిన్నె ఉండె, పూజలో మిగిలిన పాలుండె. పొయ్యి ముట్టించి పాలు పెట్టింది. పెద్దమ్మ పక్కనే గమేళా బోర్లించుకొని దాని మీద కూచుండె. అటుపక్క మామ, పాప, అంగడాయన ఇంగా వాదులాడుకుంటాండారు. నేను మధ్యలో నిలబడి అన్నీ చూస్తాండా.

పాలు మెల్లగా పైకొచ్చినాయి. దించేదానికి కోడలు వంగింది. పెద్దమ్మ ఒగ చేత్తో కోడలి కొంగు పట్టుకునె, ఇంగో చేత్తో ఒగ లావు పుల్లను పొయ్యిలోకి ఎగదోసె. నేను చూసినా. ముసలామె, కండ్లు సరిగా ఆనవేమో అనుకున్నా. అంతలోనే పాలు బుస్సుమని పొంగి, తూర్పు పక్కకు పారినాయి.

ఆ చప్పుడుకు మామ తిరిగి చూసినాడు. ఎన్ని గృహప్రవేశాలు చేయించినాడో, అలవాటుగా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "పాలు పొంగినాయ్! శుభం!" అని గట్టిగా అరిచె. పూజారి గూడా వంత పాడె. కూలోల్లు చప్పట్లు కొట్టినారు. అరిచినాక గానీ పాలు యాడ పొంగినాయో మామ చూసుకోలా. వాయవ్యం మూల, ఆయన కాలితో చెరిపిన వంటిల్లు, సరిగ్గా పొయ్యిగట్టు ఉండే తావు.

అంగడాయన వంగి, పాలు పారిన కాడ చెరిగిన ముగ్గును చూసె.

"రేయ్," అనె పెద్దమ్మ తమ్ముడిని, "ఈ ముహూర్తం పెట్టిందెవురు?"

"నేనే అక్కా."

"ఇంగా దాటిపోలా గదా?"

మామ గడియారం చూసుకొని, "ల్యా," అనె.

"ముహూర్తంలో, కొత్త గిన్నెలో, ఇంటి కోడలి చేత, తూర్పుకు పాలు పొంగితే దాన్నేమంటారు రా?"

మామ బట్టతల గోక్కున్నాడు. కాదంటే ఆయన పెట్టిన ముహూర్తమే దండగ. అవునంటే వంటిల్లు పోయినట్టే. శానాసేపు గోక్కొని, "గృహప్రవేశం అంటారు," అనె.

నేను ఊరుకోవచ్చు గదా. నా నోరు ఊరుకోదు. "ఇల్లే లేందే గృహప్రవేశం యాడిది పెద్దమ్మా?" అన్నా.

పెద్దమ్మ నా పక్క తిరిగె. "ఇల్లు ల్యా? మరి ఇన్నాళ్లూ నువ్వు తలుపులో నుంచి యాల వస్తాంటివి?"

నేను తలుపులో నుంచే బయటికి పోయి నిలబడినా.

మామ తన మర్యాద తాను కాపాడుకోవాల గదా. చెయ్యెత్తి తీర్పు చెప్పె. "పాలు పొంగినాయి గాబట్టి వంటిల్లు ఆడనే. రెండో పక్షమైనా పక్షమే. కానీ పద్ధతంటే పద్ధతి. గృహప్రవేశం అయినాక ఇంట్లో నిద్ర చెయ్యాల. నిద్ర చెయ్యందే గడ్డపార ఎయ్యకూడదు."

"పట్టపగలు నిద్రా?" అనె అంగడాయన.

"రాత్రే పండుకోవాలని యాడా రాయలా."

అప్పుడు చూడాల మీరు! చాపలు తెప్పించినారు. ఎవురి రూములో వాళ్లు పండుకున్నారు. అంగడాయన పడకరూములో, మంచం గీతల్లో సరిగ్గా సర్దుకొని. పెద్దమ్మ తన రూములో. కోడలమ్మ హాల్లో, కండ్లు మూసుకొని నవ్వతా. పూజారి వసారాలో. డిజైను పాప ముందు నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని, తర్వాత నిజంగానే నిద్రపోయె. మట్టి బండి డ్రైవరు బండిలోనే గురక పెట్టినాడు. దేవుని గదిలో కుక్క ఉండనే ఉండాది.

మామకు అతిథుల రూము ఇచ్చినారు. షామియానా నీడ ఆ రూములో సగానికే వస్తాండె. పొద్దు జరిగేకొద్దీ నీడ అటు జరిగిపాయె. మన ఎండ సంగతి మీకు తెలుసు గదా. ఆయన చెమటలు కక్కతా, గీత కాడికి దొర్లి, అవతల నీడ పక్క ఆశగా చూస్తాండాడు. గీత దాటడు. దాటితే గోడలో నుంచి పోయినట్టు, పెద్దమ్మ ఒగ కన్ను తెరిచి చూస్తానే ఉండాది. ఆఖరికి నన్ను సైగ చేసి పిలిచి, మెల్లగా, "మేస్త్రీ, ఈ గోడ రొంత అటు జరుపప్పా," అనె.

నేను ముగ్గు డబ్బా తీసుకొని, తలుపులో నుంచే లోపలికొచ్చి, నీడ ఉన్నంతమేర గోడ జరిపి పోసినా. మామ ఆ నీడలోకి దొర్లి హాయిగా నిద్రపాయె. లేసినాక దాన్ని మళ్లా చెరపొద్దని ఆయనే అనె, నిద్ర చేసిన రూము కొలతలు మార్చకూడదంట. ఈ రోజుకీ ఆ ఇంట్లో అతిథుల రూము ఒగ పక్కకు పొడుచుకొని ఉంటాది. కొత్త ఇంజినీర్లు వచ్చి, "ఇదేం డిజైనబ్బా, శానా కొత్తగా ఉండాదే!" అని ఫోటోలు తీసుకుంటారు. అది డిజైను కాదు నాయనా, షామియానా నీడ.

ఎండ తగ్గినాక, ముగ్గు ఎట్లుంటే అట్ల తవ్వినాము. ఇల్లు లేసింది. పని నడిచేటప్పుడు డిజైను పాపకూ నాకూ ఒగటే గొడవ. వంటింటి కిటికీ గట్టును శానా కిందికి గీసింది. "ఇదేందమ్మా, నిలబడి వండే మనిషికి ఇది నడుముకాడికొస్తాది, తప్పు పడింది చూసుకో," అన్నా. "తప్పు కాదు సార్, అట్లనే ఉండనీండి," అనె. ఎంత అడిగినా అదే మాట. పోనీలే, ఎవురి పిచ్చి వాళ్లకానందం అని గొణుక్కుంటా కట్టినా.

వాళ్లు ఇంట్లోకి దిగిన రోజు భోజనాలు పెట్టినారు, పాలు మాత్రం పొంగించలా. రెండోసారి చేస్తే మొదటిదాన్ని అవమానించినట్టని మామ తేల్చేసినాడు. వచ్చిన చుట్టాలంతా, "గృహప్రవేశం ఎప్పుడైంది, మమ్మల్ని పిలవలేదే," అని అలిగినారు. "అప్పుడు ఇల్లు లేదు," అని అంగడాయన ఒగొగరికీ చెప్పుకోలేక సచ్చినాడు.

ఆ తర్వాత ప్రహరీ గోడ పని మిగిలింటే, ముగ్గు పోసేదానికి ఒగ పొద్దున పోయినా. స్థలం చుట్టూ గీత పోసి, గేటుకు సందు ఇడిచిపెట్టి, కాఫీకి లోపలికి పోయినా. తలుపులో నుంచే.

వంటింట్లో కోడలమ్మ నిలబడి గంటె తిప్పతాండాది, ఎడమచేతి పక్కన కిటికీ. ఆ కిటికీ కింద కుర్చీ ఏసుకొని పెద్దమ్మ కూచోనుండాది. ఆ గట్టు సరిగ్గా ఆమె గడ్డం కిందికొచ్చె. గడ్డం దాని మీద ఆనించుకొని రోడ్డు చూస్తాండాది. "అదిగో, పాలోడు కొత్త బండి కొన్నాడే!" అని ఆమె అంటే, "యాడ, యాడ?" అని కోడలు గంటె పట్టుకొని వంగి చూస్తాండాది. అప్పుడు నాకు ఎలిగింది, ఆ రోజు టేపు పట్టుకున్న పాప చెవిలో ఈయమ్మ ఏం చెప్పిందో.

"పెద్దమ్మా," అన్నా, "ఆ రోజు పాలు పొంగతాంటే నువ్వు ఇంగో పుల్ల ఎగదోసినావు. నేను చూసినా."

"చూసి గూడా నోరు మూసుకోనుండావంటే రొంత తెలివుండాదిలే నీకు," అనె, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"మరి వంటిల్లు ముందర ఒద్దని అన్నినాళ్లు యాల అరిస్తివి?"

"నేను గూడా కావాలంటే నా కొడుకు, నా తమ్ముడు ఏమనుకుంటారు? అత్తా కోడలు ఒగటైపోయినారు రా నాయనా అని భయపడి, ఇంగా గట్టిగా పట్టుకుంటారు. నేను ఒద్దంటాంటే వాళ్లు నిమ్మళంగా ఉంటారు."

అని గడ్డం గట్టు మీద నుంచి ఎత్తె. తర్వాత నా పక్క తిరిగి, "ఆ చీకటి వంటింట్లో నా కోడలి కంటే ముందు ఎవురు వండినారనుకున్నావప్పా? దానికి లైటన్నా ఉండె. నేను బుడ్డీదీపం పెట్టుకోని వండినా," అనె.

కోడలి చేతిలో గంటె ఆగిపాయె. అత్త పక్క చూసింది. కండ్లు తుడుచుకొని, "ఉల్లిగడ్డలు," అనె. గిన్నెలో ఉండింది పప్పు, గట్టు మీద ఉల్లిగడ్డ ఒగటి గూడా లేదు.

నేను కాఫీ గబగబా తాగేసినా.

అందుకే పిల్లోల్లారా, డిజైనరును ఎప్పుడు పిలిపించాల అంటే, ముగ్గు పోసేటప్పుడే పిలిపించండి. మీ ప్లాను ఇంట్లో బీరువాలో పెట్టి రాండి. పిలిపించినాక, ఆ ఇంట్లో ఎవురు ఒద్దు ఒద్దని గట్టిగా అరుస్తాండారో, వాళ్లను ఒగసారి కుర్చీలో కూచోబెట్టి కొలిపించండి.

ఆ పొద్దు కాఫీ తాగి బయటికొచ్చినా. నా బండి రోడ్డు మీదుండె. మోకాళ్లు నొస్తాంటే చుట్టూ యాల తిరగాలని, నేను పోసిన ప్రహరీ గీత మీదుగా అడ్డంగా కాలేసినా. యెనకాల కిటికీలో నుంచి రెండు గొంతులు ఒగేసారి అరిచినాయి.

"మేస్త్రీ! గోడలో నుంచి పోతాండావు! గేటు అటుపక్క!"

నేను ఎత్తిన కాలు యెనక్కి తీసుకొని, చుట్టూ తిరిగి, గేటులో నుంచే పోయినా.